అసైలం తిరస్కరణ మీద అప్పీలు (బ్రిటన్): 14 రోజుల గడువు, ట్రిబ్యునల్ విచారణ, ఆపైన మిగిలే దారులు

గుండ్లకమ్మ · 23 ఫిబ్రవరి 2025

అందరికీ నమస్కారం. ఇంతకాలం ఈ వేదికను చదవడమే తప్ప ఒక్క అక్షరం రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు కనుక ఊరి పేరు, మనుషుల పేర్లు లేకుండా విషయం చెబుతాను.

నా భార్య 2022లో ఎమ్మెస్సీ చదవడానికి వచ్చింది. నేను డిపెండెంటుగా వచ్చాను. మాది కులాంతర వివాహం. నేను దళితుణ్ణి. ఆమెది ఊళ్ళో భూమీ పలుకుబడీ ఉన్న కుటుంబం. పెళ్ళయిన నెలన్నరకు హైదరాబాదులో మేము అద్దెకు ఉన్న ఇంటిని ఆమె పెదనాన్న గారి అబ్బాయి వెతికి పట్టుకుని, నన్ను బతకనివ్వనని ఇంటి ఓనరు ఎదుటే చెప్పి వెళ్ళాడు. స్టేషనులో ఫిర్యాదు చేస్తే పెద్దవాళ్ళను పిలిచి మాట్లాడుకోమన్నారు. ఎఫ్ఐఆర్ మాత్రం మూడు వారాల తరువాత కట్టారు. 2024 జనవరిలో వీసా ముగిసింది. ఆమె ఇంటికి వస్తే ఏమవుతుందో ఆమె తండ్రి ఫోనులో చెప్పిన తరువాత, మార్చిలో అసైలం (ఆశ్రయం) అడిగాము. దరఖాస్తు ఆమెది, నేను ఆమె మీద ఆధారపడిన వ్యక్తిని.

నిన్న పోస్టులో హోం ఆఫీస్ (అసైలం నిర్ణయాలు చేసే బ్రిటన్ ప్రభుత్వ శాఖ) నుంచి తిరస్కరణ లేఖ వచ్చింది. లేఖ మీద తేదీ ఫిబ్రవరి 18. పదకొండు పేజీలున్నాయి. ఇంటర్వ్యూలో మాటలు పొంతన లేవని, ఎఫ్ఐఆర్ ఆన్‌లైనులో కనబడలేదని, వీసా ముగిసేదాకా ఆగి అడిగారని, భారతదేశంలో పోలీసు రక్షణ ఉందని, అది చాలదనుకుంటే బెంగళూరుకో ఢిల్లీకో వెళ్ళి బతకవచ్చని రాశారు. చివర అప్పీలు హక్కు ఉందని ఉంది. ఎక్కడ మొదలు పెట్టాలో తెలియడం లేదు. ఇంకా పెద్ద అన్యాయం జరిగిందని పైకోర్టుకే నేరుగా వెళ్ళవచ్చా?


మేడిచెట్టు · 23 ఫిబ్రవరి 2025

గుండ్లకమ్మ గారూ, బర్మింగ్‌హామ్‌లో ఒక సాలిసిటర్ల (న్యాయవాదుల) ఆఫీసులో పదేళ్ళుగా ఇమ్మిగ్రేషన్ ఫైళ్ళు చూస్తున్నాను. ముందుగా తేదీ సంగతి. బ్రిటన్ లోపల ఉన్నవాళ్ళకు, ఇటువంటి అప్పీళ్ళను మొదట వినే ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్‌లో అప్పీలు వేయడానికి ఉన్న గడువు 14 రోజులు, అది నిర్ణయాన్ని మీకు పంపిన రోజు నుంచి లెక్క. మీ చేతికి అందిన రోజు నుంచి కాదు. 18న పంపి ఉంటే మార్చి 4 చివరి రోజు. కవరు దాచి పెట్టండి, దాని మీద పోస్టు ముద్ర ఉంటే అదీ ఆధారమే. గడువు దాటిన అప్పీలును జడ్జి స్వీకరించవచ్చు గానీ, ఆలస్యం ఎంత తీవ్రమైనది, కారణమేమిటి, మొత్తం పరిస్థితులేమిటి అని చూసి గాని స్వీకరించరు. ఆ గండం కొని తెచ్చుకోవడం ఎందుకు?

పైకోర్టుకు నేరుగా వెళ్ళే వీలు లేదు. అంతకన్నా ముఖ్యమైన మాట ఒకటి చెబుతాను, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మీ కథను సాక్ష్యంగా విని, నమ్మాలా వద్దా అని తేల్చే చోటు ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్ ఒక్కటే. దాని పైన ఉన్న మెట్లన్నీ ఆ జడ్జి చట్టాన్ని తప్పుగా అన్వయించారా అన్నదే చూస్తాయి. మన దేశంలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్ కింద రెండో అప్పీలు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. కాబట్టి 'ఇక్కడ పోయినా పైన చూసుకుందాం' అనే ధీమాతో సగం కాగితాలతో వాయిదాకు వెళ్ళినవాళ్ళు తరువాత నా ముందు కూర్చుని బాధపడటం చాలాసార్లు చూశాను.

లేఖలో మీ క్లెయిమును 2002 నాటి నేషనాలిటీ, ఇమ్మిగ్రేషన్ అండ్ అసైలం చట్టం 94వ సెక్షన్ కింద 'స్పష్టంగా నిరాధారం' అని ధ్రువీకరించారేమో మొదటి పేజీ నుంచి చివరి దాకా చూడండి. 2022 జూన్ 28 తరువాత వేసిన క్లెయిములకు ఆ ముద్ర పడితే అప్పీలు హక్కే ఉండదు. జ్యుడీషియల్ రివ్యూ (నిర్ణయం చట్టబద్ధమేనా అని కోర్టు చూడటం) ఒక్కటే మిగులుతుంది. మీకు హక్కు ఉందని రాశారు కాబట్టి ఆ ముద్ర లేనట్టే, అయినా సరి చూసుకోండి.

ఫీజు సంగతి: మౌఖిక విచారణ కోరితే 140 పౌండ్లు, కాగితాల మీదే తేల్చమంటే 80. లీగల్ ఎయిడ్ గాని ప్రభుత్వ అసైలం సహాయం గాని పొందుతున్నవాళ్ళు కట్టనక్కర లేదు. అరవై పౌండ్లు మిగులుతాయని కాగితాల విచారణ ఎంచుకోవద్దు. నమ్మకం గురించిన వివాదంలో జడ్జి మనిషిని చూడాలి, మాట వినాలి.


గుండ్లకమ్మ · 23 ఫిబ్రవరి 2025

చాలా కృతజ్ఞతలు. 94 అనే మాట ఎక్కడా లేదు. ఇంటర్వ్యూ గురించి రాసిన రెండు పేరాలు ఇక్కడ పెడుతున్నాను. ఒకటి: దరఖాస్తులో ఆమె తనకు తోబుట్టువులు లేరని రాసింది, ఇంటర్వ్యూలో మాత్రం 'మా అన్న వచ్చి బెదిరించాడు' అని చెప్పింది, కాబట్టి ఆ మనిషే కల్పితం కావచ్చునట. రెండు: చంపుతామన్నారని దరఖాస్తులో ఉండగా, ఇంటర్వ్యూలో 'అతణ్ణి పైకి ఎత్తుతాం' అన్నారని మాత్రమే చెప్పిందట. ఆమె ఆ మాట అననే లేదు.


దుబాసి · 24 ఫిబ్రవరి 2025

నేను వృత్తి రీత్యా తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని. గుండ్లకమ్మ గారు ఉటంకించిన రెండు పేరాలూ చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడ అన్న మాట నేను ఊహించగలను: 'వాణ్ణి లేపేస్తాం' అని ఉంటారు. లేపడం అంటే ఎత్తడమూ అవుతుంది, నిద్ర లేపడమూ అవుతుంది, మన సినిమాల పుణ్యమా అని పదేళ్ళ పిల్లవాడికి కూడా తెలిసిన మూడో అర్థమూ ఉంది. అనువదించినవారు మొదటి అర్థం దగ్గరే ఆగిపోయారు.

అన్న విషయం మరీ విచిత్రం. పెదనాన్న కొడుకును మనం అన్న అనే పిలుస్తాం, ఇంకో మాటే లేదు. ఇంగ్లీషులో ఆ మాట సొంత అన్నగా స్థిరపడిపోతుంది, తోబుట్టువులు లేరన్న గడితో ఢీకొంటుంది. బాబాయి, పెదనాన్న, మామయ్య ముగ్గురూ ఇంగ్లీషులో ఒకే 'అంకుల్' అయిపోయి, ఒక మనిషి ఒకే రోజు రెండు ఊళ్ళలో ఉన్నట్టు కనబడిన కేసు కూడా నాకు ఎదురైంది.

చేయవలసిన పని ఇది. అసైలం ఇంటర్వ్యూ మామూలుగా ఆడియో రికార్డు అవుతుంది. ఆ రికార్డింగు ప్రతిని సాలిసిటరు ద్వారా తెప్పించి, అసలు ఇంటర్వ్యూతో సంబంధం లేని మరో అర్హత గల అనువాదకుడి చేత, తెలుగు మాట ఒక గడిలో, దాని ఇంగ్లీషు పక్క గడిలో వచ్చేలా రాయించండి. 'లేపేస్తాం' అన్న శబ్దం వినబడే నిమిషం, సెకను కూడా వేయించండి. 'అనువాదం తప్పు' అని ఊరికే అంటే ప్రతి అప్పీలుదారూ అనేదే కదా అనుకుంటారు. రికార్డింగులో ఫలానా నిమిషం దగ్గర ఈ మాట ఉంది అంటే మాత్రం ఎదుటివారు సమాధానం చెప్పవలసి వస్తుంది.

ట్రిబ్యునల్‌లో వాయిదా రోజున ఇంటర్‌ప్రెటర్‌ని ట్రిబ్యునలే ఉచితంగా ఏర్పాటు చేస్తుంది. అప్పీలు ఫారంలో భాష దగ్గర తెలుగు అని మాత్రమే రాసి వదిలేయకుండా, ఏ ప్రాంతపు తెలుగో కూడా రాయించండి. లండనులోని టేలర్ హౌస్‌లో ఒకసారి జడ్జి మొదటే అప్పీలుదారుణ్ణీ నన్నూ రెండు నిమిషాలు మాట్లాడుకోమని, ఒకరి మాట ఒకరికి అర్థమవుతోందా అని అడిగారు. అది సాధారణంగా జరిగేదే. అప్పుడు మొహమాటానికి 'అర్థమవుతోందండీ' అనేసి, ఓడిపోయిన తరువాత అర్థం కాలేదంటే వినేవాళ్ళు ఉండరు. విచారణలో నాలాంటివాళ్ళు సలహా ఇవ్వకూడదు, ఉన్న మాట అటూ ఇటూ మోయడం వరకే మా పని. అందుకే ఈ ముక్క ఇక్కడ రాస్తున్నాను.


నిష్ఠూరం · 24 ఫిబ్రవరి 2025

ఈ మాట చెబితే అందరికీ కోపం వస్తుందని తెలిసీ రాస్తున్నాను. చదువుకోడానికి వచ్చి, ఉద్యోగం దొరక్క, వీసా అయిపోగానే కులాంతర వివాహం అనో రాజకీయ గొడవ అనో అసైలం వేసేవాళ్ళు మన తెలుగువాళ్ళలో లేరా? మూడు వేల పౌండ్లు తీసుకుని కథ రాసిచ్చే ఏజెంటు ఒకరు మా వీధిలోనే ఉండేవారు. అటువంటివాటి వల్ల నిజమైన కేసులు కూడా అనుమానంతో చూడబడుతున్నాయి. జడ్జిలను తప్పు పట్టే ముందు మనవాళ్ళను మనం ప్రశ్నించుకోవద్దా?


మేడిచెట్టు · 25 ఫిబ్రవరి 2025

నిష్ఠూరం గారి మాటలో నిజం ఉంది, అయితే అది గుండ్లకమ్మ గారి కేసుకు జవాబు కాదు. అరువు కథతో వచ్చినవాళ్ళు క్రాస్ ఎగ్జామినేషనులో పావు గంట కూడా నిలబడరు. ఒకే ఏజెంటు రాసిన పది కథల్లో ఒకే వాక్యం పదిసార్లు కనబడుతుంది. ఇక ఆ ఏజెంటు గురించి: రిజిస్ట్రేషను లేకుండా ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వడం 1999 నాటి ఇమ్మిగ్రేషన్ అండ్ అసైలం చట్టం ప్రకారం నేరం. సలహాదారులను నియంత్రించే సంస్థ పేరు నిన్నటిదాకా ఓఐఎస్సీ, ఈ జనవరి నుంచి ఇమ్మిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ. సాలిసిటరు అయితే ఎస్ఆర్ఏ (సాలిసిటర్ల నియంత్రణ సంస్థ) జాబితాలో, కాకపోతే ఈ అథారిటీ రిజిస్టరులో పేరు ఉందో లేదో చూసుకోకుండా ఒక్క పౌండు కూడా ఇవ్వకండి.

వీసా ముగిశాక అడిగారన్న అభ్యంతరానికి వస్తాను. 2004 నాటి అసైలం చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం కొన్ని రకాల ఆలస్యాలు విశ్వసనీయతను దెబ్బతీసేవిగా లెక్కించాలి. అయితే జేటీ (కామెరూన్) అనే 2008 కేసులో కోర్ట్ ఆఫ్ అపీల్, అది మొత్తం అంచనాలో ఒక అంశం మాత్రమేనని, దాని బరువెంతో తేల్చేది జడ్జియేనని చెప్పింది. కాబట్టి ఆలస్యాన్ని దాచే ప్రయత్నం చేయవద్దు. తండ్రి ఫోను ఏ తేదీన వచ్చిందో, ఆ ముందు వరకూ ఎందుకు తిరిగి వెళ్ళగలమని అనుకున్నారో వాంగ్మూలంలో మీరే ముందుగా చెప్పండి.

రుజువు స్థాయి గురించి కూడా స్పష్టత ఉండాలి. 2022 నాటి నేషనాలిటీ అండ్ బోర్డర్స్ చట్టం 32వ సెక్షన్ తరువాత పరీక్ష రెండు భాగాలయింది. మీరు చెప్పిన కారణం చేత మీకు నిజంగానే భయం ఉందా అన్నది 'కాదనడం కన్నా అవునన్నదే ఎక్కువ సంభావ్యం' అనే స్థాయిలో నిరూపించాలి. తిరిగి వెళితే హాని జరుగుతుందా అన్నది మాత్రం పాత తక్కువ స్థాయిలోనే, అంటే సహేతుకమైన అవకాశం ఉంటే చాలు. మొదటి మెట్టు ఎత్తు పెరిగింది కనుకనే దుబాసి గారు చెప్పిన ఆడియో పని మీకు ప్రాణంతో సమానం.


నల్గొండ వకీలు · 11 మార్చి 2025

ఆలస్యంగా చూశాను, అప్పీలు వేసేశారనే అనుకుంటున్నాను. భారతదేశం వైపు నుంచి పనికొచ్చే రెండు మూడు సంగతులు చెబుతాను.

ఎఫ్ఐఆర్ ఆన్‌లైనులో లేదు గనుక అది నకిలీ అనడం సరైన తర్కం కాదు. 2016 సెప్టెంబరులో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టమన్న మాట నిజమే, అయితే సున్నితమైన కేసులకు అదే తీర్పు మినహాయింపు ఇచ్చింది. చేయవలసింది ఆ తీర్పును పట్టుకుని వాదించడం కాదు. సంబంధిత మేజిస్ట్రేటు కోర్టులో సర్టిఫైడ్ కాపీకి ఇక్కడి న్యాయవాది చేత కాపీ అప్లికేషను వేయించండి. కోర్టు ముద్రతో వచ్చిన నకలుకూ, వాట్సాప్‌లో వచ్చిన ఫోటోకూ ఉన్న తేడా లండను జడ్జికైనా ఒకటే. ఆ న్యాయవాది తాను ఏ రోజు, ఏ కోర్టు నుంచి నకలు తీసుకున్నారో ఒక పేజీ అఫిడవిట్టు కూడా ఇవ్వాలి.

పోలీసు రక్షణ విషయంలో పరువు హత్యల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన 2018 మార్చి నాటి శక్తివాహిని తీర్పును తప్పకుండా మీ మీద వాడతారు. జిల్లాకో ప్రత్యేక విభాగం, జంటలకు సురక్షిత గృహాలు, అధికారుల మీద చర్యలు, అన్నీ అందులో ఉన్నాయి. తీర్పు ఉండటం వేరు, మీ జిల్లాలో మీరు తలుపు తట్టిన రోజున ఏం జరిగింది అన్నది వేరు. మీ ఫిర్యాదు కాగితం తేదీ, ఎఫ్ఐఆర్ తేదీ పక్కపక్కన పెట్టండి, ఆ మూడు వారాలే మాట్లాడతాయి.

ఇక నిన్నటి వార్త. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుడిని గర్భవతి అయిన భార్య కళ్ళ ముందు చంపిన కేసులో నిన్న, మార్చి 10న, నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఇది మీకు రెండంచుల కత్తి. 'చూశారా, వ్యవస్థ శిక్షిస్తోంది' అని వాళ్ళంటారు. శిక్ష పడటానికి ఆరున్నరేళ్ళు పట్టింది, చనిపోయిన కుర్రవాడికి ఆ తీర్పు రక్షణ కాలేదు అని మీరు అనాలి. నేను ఆ ఊరి దగ్గరివాణ్ణే కనుక ఇది రాస్తూ ఉంటే చేయి కొంచెం ఆగింది.


మేడిచెట్టు · 11 మార్చి 2025

వకీలు గారి చివరి పేరా మీద చిన్న హెచ్చరిక. హోర్వత్ కేసులో 2000 సంవత్సరంలో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పటి అత్యున్నత న్యాయస్థానం) చెప్పిన దాని ప్రకారం రక్షణ అంటే హాని అసలు జరగదన్న హామీ కాదు. పనిచేసే వ్యవస్థ, పనిచేయాలన్న సంసిద్ధత ఉంటే చాలు. అందుచేత 'భారతదేశంలో పోలీసులు పనికిరారు' అనే విశాలమైన వాదన దాదాపు ఎప్పుడూ ఓడిపోతుంది. 'ఈ స్టేషను, ఈ కుటుంబం, ఈ మూడు వారాలు' అనే ఇరుకైన వాదనకే బలం ఎక్కువ.

వేరే నగరానికి వెళ్ళవచ్చన్న మాటకూ ఇదే పద్ధతి. 2006 నాటి జనూజీ కేసు ప్రకారం అక్కడికి వెళ్ళి బతకమనడం సహేతుకమా, మితిమీరిన కష్టమా అని చూడాలి. హైదరాబాదులో మిమ్మల్ని నెలన్నరలో ఎలా కనిపెట్టారో మీకు తెలుసా? ఓనరు ద్వారానా, కాలేజీ స్నేహితుల ద్వారానా, ఆధార్ జిరాక్సు ఇచ్చిన చోట నుంచా? ఆ దారి బెంగళూరులోనూ తెరిచే ఉంటుందని చూపించగలిగితే సగం పని అయినట్టే. హోం ఆఫీస్ ప్రచురించే దేశ సమాచార నోట్లను పూర్తిగా చదవండి. తిరస్కరణ లేఖలో ఎత్తి రాసిన పేరాకు అటో ఇటో మీకు పనికొచ్చే పేరా ఉండటం అరుదేమీ కాదు.

గుండ్లకమ్మ గారూ, మీరు డిపెండెంటే అయినా చంపుతామన్నది మిమ్మల్ని. మీరు విడిగా వాంగ్మూలం ఇచ్చి సాక్షిగా నిలబడాలి.


తుంగ · 2 ఏప్రిల్ 2025

ఈ చర్చలో చేరుతున్నందుకు మన్నించండి. మా తమ్ముడి అప్పీలును ఫస్ట్ టియర్ జడ్జి గత వారం కొట్టేశారు. అతను హైకోర్టుకు వెళతానంటున్నాడు. పైగా అమ్మకు ఆరోగ్యం బాగాలేదు, పది రోజులు ఇండియా వచ్చి వెళ్ళవచ్చా అని అడుగుతున్నాడు.


మేడిచెట్టు · 2 ఏప్రిల్ 2025

రెండో ప్రశ్నకు ముందు జవాబు: విమానం ఎక్కనివ్వకండి. అప్పీలు నడుస్తుండగా దేశం దాటితే దాన్ని వదులుకున్నట్టు లెక్క. పైగా ప్రాణభయం ఉందన్న దేశానికే స్వయంగా వెళ్ళి వచ్చాడన్న మాట జీవితాంతం వెంటాడుతుంది. అమ్మగారి విషయంలో ఇది ఎంత కఠినమైన మాటో నాకు తెలుసు. అప్పీలు పెండింగులో ఉన్నంతకాలం బలవంతంగా పంపించకుండా 2002 చట్టం 78వ సెక్షన్ కాపాడుతుంది, దాన్ని చేజేతులా పోగొట్టుకోకూడదు.

మొదటి ప్రశ్న: ఇక్కడ వరుస వేరు. లిఖితపూర్వక తీర్పు పంపిన 14 రోజుల్లో ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్‌నే దాని పై మెట్టయిన అప్పర్ ట్రిబ్యునల్‌కు వెళ్ళడానికి అనుమతి అడగాలి. వాళ్ళు కాదంటే మళ్ళీ 14 రోజుల్లో అప్పర్ ట్రిబ్యునల్‌ను నేరుగా అడగవచ్చు. అనుమతి దొరికితే అక్కడ చట్టపరమైన పొరపాటు ఉందా లేదా అని విచారిస్తారు; ఉందని తేలితే తీర్పును పక్కన పెట్టి తామే కొత్తగా తేలుస్తారు, లేదా వెనక్కి పంపుతారు. జడ్జి నమ్మలేదు అన్నది చట్టపరమైన పొరపాటు కాదు. ముఖ్యమైన సాక్ష్యాన్ని అసలు ప్రస్తావించకుండా వదిలేయడం, కారణాలు చెప్పకుండా తేల్చేయడం, విచారణ న్యాయంగా జరగకపోవడం వంటివి అవుతాయి. తీర్పు చేతిలో పెట్టుకుని, మీరిచ్చిన ప్రతి కాగితానికి ఎదురుగా జడ్జి దాని గురించి ఏ పేరాలో రాశారో పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఖాళీ మిగిలిన కాగితం ఉంటే అక్కడే మీ గ్రౌండు (అప్పీలుకు కారణం) ఉంది.

అప్పర్ ట్రిబ్యునల్ కూడా అనుమతి నిరాకరిస్తే, మన దగ్గర 226వ అధికరణ కింద రిట్ వేసినట్టు, 2011 నాటి కార్ట్ తీర్పు ఆధారంగా హైకోర్టులో జ్యుడీషియల్ రివ్యూ వేసేవారు. 2022లో వచ్చిన జ్యుడీషియల్ రివ్యూ అండ్ కోర్ట్స్ చట్టం ఆ తలుపును దాదాపుగా మూసేసింది. పాత వీడియోలు చూసి హైకోర్టు అనేవాళ్ళు ఈ సంగతి తెలియక అంటున్నారు. అప్పర్ ట్రిబ్యునల్ పూర్తిగా విచారించి కొట్టేస్తే మాత్రం కోర్ట్ ఆఫ్ అపీల్ ఉంది, అయితే ముఖ్యమైన సూత్రమో మరో బలమైన కారణమో ఉంటేనే వింటారు. అన్నీ అయిపోయాక నిజంగా కొత్త సాక్ష్యం దొరికితే ఇమ్మిగ్రేషన్ రూల్స్ 353వ పేరా కింద తాజా క్లెయిము వేయవచ్చు. ఆ దశలో కూడా దేవశీలన్ అనే 2002 కేసు ప్రకారం పాత జడ్జి రాసిందే కొత్త జడ్జికి మొదటి మెట్టు. అందుకే మళ్ళీ అదే మాట అంటున్నాను: మొదటి వాయిదాయే అసలు వాయిదా.


తుంగ · 3 ఏప్రిల్ 2025

తమ్ముడితో రాత్రి కూర్చుని పెన్సిలుతో గుర్తులు పెట్టాము. డాక్టరు రిపోర్టు గురించి తీర్పులో ఒక్క మాట కూడా లేదు. ఇవాళ సాలిసిటరుకు చూపిస్తున్నాము. ఒక భయం మాత్రం ఉంది: ఇవన్నీ గూగుల్‌లో పేరుతో సహా కనబడతాయా?


దుబాసి · 3 ఏప్రిల్ 2025

అసైలం కేసులలో పేరు బయటపడకుండా ఉత్తర్వు ఇవ్వడం మామూలే. ఫస్ట్ టియర్ తీర్పులు సాధారణంగా ప్రచురించరు. అప్పర్ ట్రిబ్యునల్ తీర్పులు వెబ్‌సైటులో పెడతారు గాని, అటువంటి ఉత్తర్వు ఉంటే పేరుకు బదులు అక్షరాలతోనే ఉంటాయి. ఉత్తర్వు ఉందో లేదో సాలిసిటరు చేత రాతపూర్వకంగా అడిగించుకోండి, ఉందనుకుని ఊరుకోవద్దు.


గుండ్లకమ్మ · 27 ఫిబ్రవరి 2026

ఏడాది తరువాత మళ్ళీ ఇక్కడికి వస్తున్నాను. నిరుడు మార్చి 3న అప్పీలు వేశాము. ఈ జనవరిలో విచారణ జరిగింది. ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

మొదట నా భార్య సాక్ష్యం. నేను సాక్షిని కనుక నన్ను బయట కూర్చోబెట్టారు. గంటా నలభై నిమిషాలు ఆ గోడను చూస్తూ ఉన్నాను. తరువాత ఆమె చెప్పింది: హోం ఆఫీస్ తరఫు అధికారి 'అన్న' విషయమే మొదట అడిగారట. మా బ్యారిస్టరు మా ఇద్దరి వైపు కుటుంబ వృక్షం ఒక పేజీలో గీయించి ఇచ్చి ఉన్నారు, అందులో ప్రతి మనిషి కిందా మేము పిలిచే తెలుగు వరస ఉంది. జడ్జి ఆ పేజీ తీసి, 'అంటే ఈ భాషలో సొంత అన్నకూ, పెదనాన్న కొడుకుకూ ఒకే మాటా?' అని ఇంటర్‌ప్రెటర్‌ను కాకుండా నా భార్యనే అడిగారట. అవునన్నది. ఆడియో 41వ నిమిషం దగ్గరి మాటకు అనువాదకుడి నివేదిక మీద అటువైపు అభ్యంతరం చెప్పలేదు. వకీలు గారు చెప్పినట్టే సర్టిఫైడ్ కాపీ తెప్పించాము, ఫిర్యాదు తేదీ ఎఫ్ఐఆర్ తేదీ పక్కపక్కన పెట్టాము. నన్ను మాత్రం ఇరవై నిమిషాలే అడిగారు, అందులో ఎక్కువ భాగం హైదరాబాదు ఓనరు గురించే.

తీర్పు ఫిబ్రవరి 16న వచ్చింది. అప్పీలు అనుమతించారు. ఆలస్యంగా అడగడం మాకు కొంత వ్యతిరేకమే అని రాశారు, మిగతావాటితో కలిపి చూస్తే ఆమె మాట నమ్మదగినదని రాశారు. మా బ్యారిస్టరు అభినందనలు చెప్పి, వెంటనే ఇంకో మాట కూడా అన్నారు: మనకున్న 14 రోజులు వాళ్ళకూ ఉన్నాయి, అప్పర్ ట్రిబ్యునల్‌కు వెళ్ళడానికి హోం ఆఫీస్ కూడా అనుమతి అడగవచ్చు. ఇవాళ పదకొండో రోజు. ఇద్దరమూ రోజుకు పదిసార్లు ఈమెయిలు చూస్తున్నాము.


మేడిచెట్టు · 27 ఫిబ్రవరి 2026

చాలా సంతోషం. మార్చి 2 దాటాక కూడా రెండు మూడు రోజులు చూసి, వాళ్ళు అనుమతి అడగలేదని సాలిసిటరు చేత ట్రిబ్యునల్‌ను రాతపూర్వకంగా కనుక్కోండి. ఆ కుటుంబ వృక్షం పేజీ నమూనా, పేర్లు తీసేసి, ఇక్కడ పెట్టగలరా? తుంగ గారి తమ్ముడి కేసు అప్పర్ ట్రిబ్యునల్ నుంచి మళ్ళీ వెనక్కి వచ్చిందని నాకు సందేశం వచ్చింది. వాళ్ళ ఫైలులో కూడా ఇద్దరు మామయ్యలు ఉన్నారు.